ట్యాబ్‌లో లేని మాట

"ఉన్న ఒక్క ప్లగ్గులో మీ ఫోనే పెట్టాలా అండీ? అత్తయ్యగారి ట్యాబ్ ఆగిపోయింది" అంది సత్యవేణి.

"కాసేపు ఆవిడ మాట్లాడకపోతే కొంపలేం మునగవు" అన్నాడు వెంకట్రాజు.

"మీరు మాట్లాడకపోతే మునుగుతాయేం?"

సత్యవేణి ఫోను వైరు ఊడబీకి ట్యాబ్ వైరు పెట్టింది. అతను దాన్ని ఊడబీకి మళ్లీ ఫోనుకి పెట్టాడు. మంచం మీద శేషారత్నం కొడుకునీ కోడలినీ మార్చి మార్చి చూసింది.

పక్షవాతంతో ఆవిడకు కుడిచెయ్యీ, మాటా పోయాయి. ఏలూరులో మాటలు నేర్పే డాక్టరమ్మ ఆ ట్యాబ్ ఇప్పించింది. బొమ్మ మీద వేలు పెడితే ఒక ఆడగొంతు పలుకుతుంది: ఆకలి, దాహం, నొప్పి, బాత్రూం, సరే. మొదట్లో "వద్దు", "లేదు" కూడా ఉండేవి. ఒక సాయంత్రం దీపం పెట్టే వేళకి ట్యాబ్ "లేదు, లేదు" అంది. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనే ఇల్లు అది. లక్ష్మి వచ్చే వేళ ఇవేం మాటలని వెంకట్రాజు ఆ రెండు బొమ్మలూ తీయించేశాడు. ఇంట్లో ఎవరూ తప్పనలేదు.

మధ్యాహ్నం భోజనానికి కైకలూరు నుంచి నిత్యానందం వచ్చాడు. చేపల చెరువుల వ్యాపారి. శేషారత్నానికి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన వరిచేను కొల్లేరు పక్కనుంది. దాన్ని లీజుకు తీసుకుని చెరువు తవ్వుతానంటాడు. నోరున్నన్నాళ్లూ ఆవిడ ఒప్పుకోలేదు.

"పెద్దావిడ సరేనంటేనే తవ్వే మిషను దింపుతానండి రాజుగారూ. తర్వాత నాకు గొడవలొద్దు" అన్నాడతను, పప్పు కలుపుకుంటూ.

"దానికేం, ఇప్పుడే అనిపిస్తాను."

వెంకట్రాజు తల్లిని చక్రాల కుర్చీలో బల్ల దగ్గరికి తెచ్చి, ఈలోగా సత్యవేణి ఛార్జి పెట్టిన ట్యాబ్ ముందు పెట్టాడు. "అమ్మా, చేను చెరువుకిద్దాం. సరేనా?"

ఆవిడ ఎడమచేతి వేలు ఒకప్పుడు "వద్దు" ఉన్న చోట నొక్కింది. ఏమీ పలకలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. తర్వాత పక్కకి జరిపింది.

"నొప్పి" అంది ట్యాబ్.

"ఎక్కడే?"

"నొప్పి. నొప్పి."

నిత్యానందం నవ్వాడు. "మా ఆవిడకీ ఇలాంటిదొకటి కొనాలండీ. నాలుగు మాటలతో సరిపోద్ది."

వెంకట్రాజు తల్లి వేలు పట్టుకుని "సరే" మీద అదిమాడు. ఆడగొంతు స్పష్టంగా "సరే" అంది.

"విన్నారుగా?"

శేషారత్నం చెయ్యి లాక్కుంది. నోటి పక్కన కారుతున్న చొంగ కూడా తుడుచుకోలేదు.

సత్యవేణికి అత్తగారి మీద ప్రేమేమీ పొంగలేదు. మాట ఉన్న రోజుల్లో ఆవిడ ఆమె వంటకీ, నడకకీ, పుట్టింటికీ, అన్నిటికీ వంకలు పెట్టేది. అయినా అది ఆవిడ నోరు. ఇంకొకరు పట్టుకుని ఆడించేది కాదు.

"నిత్యానందంగారూ, ఆ వేలు నొక్కిందెవరో మీరూ చూశారు" అంది.

"ముందు వడ్డించు" అన్నాడు వెంకట్రాజు.

"వడ్డిస్తానండి. రేపు పొద్దున్నే అత్తయ్యగారిని ఏలూరు తీసుకెళ్తున్నాను. తీయించేసిన మాటలు పెట్టించుకొస్తాను. ఆవిడంతట ఆవిడ నొక్కి చెప్పేదాకా ఆ చేలో మిషను దిగదు. దింపితే దానికడ్డంగా నేనూ, ఈ కుర్చీలో ఆవిడా ఉంటాం. పెరుగు వెయ్యమంటారా అండీ?"