ఆగినప్పుడు కూడా

పొద్దున గిన్నెలు కడుగుతుంటే వెనకనుంచి ఆయన అన్నారు. "వెన్నెముక కూడా లేనివాటి కోసం పదిహేను రోజులు సముద్రంలోకి వెళ్తావా? మీ మేడమ్‌కి ఇల్లూ వాకిలీ లేవా?" అత్తయ్య నవ్వారు. "నువ్వు వెళ్తే నాకు మాత్రలెవరిస్తారమ్మాయ్?" మాత్రల సీసా ఆవిడ మంచం పక్కనే ఉంటుంది. మూత తీసేది మాత్రం నేను.

అక్వేరియంలో జెల్లీఫిష్‌ల తొట్టి చూసుకోవడం నా ఉద్యోగం. ఆ తొట్టి గుండ్రంగా ఉంటుంది. మూలలుంటే అవి అక్కడ ఇరుక్కుని చిరిగిపోతాయి. రోజూ సన్నని గొట్టంతో, నేనే పొదిగించిన చిట్టి రొయ్యపిల్లల్ని నీటి వాలుకి వదులుతాను. చేరిన కొత్తలో ఒకటి గొడుగులా ముడుచుకుని, విచ్చుకుని, అలాగే ఉండిపోయింది. చచ్చిపోయిందనుకుని తీసేయడానికి వల తెచ్చాను. మేడమ్ గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. "ఏం చేస్తున్నావ్ తల్లీ! బతికే ఉంది. ఆగినప్పుడు చూడు." చూశాను. ముడుచుకున్నప్పుడు అది తోసిన నీళ్లే సుడి తిరిగి దాని కిందికొచ్చి, ఊరికే ఉన్నదాన్ని మెల్లగా ముందుకు నెట్టాయి. ఆ కాస్త దూరం అది ఏ కష్టమూ పడలేదు.

అప్పట్నుంచీ నాకదే ధ్యాస. ఇన్నేళ్లుగా నేను తోసిన నీళ్లన్నీ ఎటు పోయాయి? ఒక్కసారైనా వెనక్కొచ్చి నన్ను కాస్త మొయ్యవా? మా తొట్టిలోవి తొట్టిలోనే పుట్టాయి, సముద్రం ఎరగవు. నేనూ గట్టు మీంచి చూసిందాన్నే. అద్దం గోడలు లేని నీళ్లలో అవి ఎలా ఆగుతాయో, ఎంత దూరం అలా పోతాయో, పడవ అంచున వంగి చూడాలని ఎంతగానో ఉండేది. ఆ మాట గొంతుదాకా వచ్చేసరికి ఇంట్లో ఎవరో ఒకరికి ఏదో ఒకటి కనపడేది కాదు.

జెల్లీఫిష్‌ల పరిశీలనకి సోమవారం బయల్దేరే పడవలో నా చోటు ఉంచాలో వద్దో రాత్రిలోగా ఫోన్ చేసి చెప్పమన్నారు మేడమ్.

ఇంటికొచ్చి చెప్పులు విప్పి, అత్తయ్య మంచం దగ్గరికి ఒకసారి వెళ్లొచ్చి, హాల్లో కుర్చీలో కూర్చున్నాను. స్నానాల గదిలోంచి ఆయన కేకేశారు. "టవలేదీ?" లేవలేదు. "నిన్నే, వినపడట్లేదా?" కాళ్లు వాటంతటవే లేవబోయాయి. చేతులతో మోకాళ్లు పట్టుకున్నాను.

అత్తయ్య తొంగి చూశారు. "ఏమ్మా, అలా ఆగిపోయావేం? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది అత్తయ్యా. సీసా మూత వదులుగా పెట్టాను, మీ చేతికే వస్తుంది. సోమవారం నేను పడవెక్కుతున్నాను."