ఒకే పేరుతో దాచిన మొలకలు

విత్తనాల పరీక్షశాలలో ఆమెను అందరూ దశాంశం అని పిలుస్తారు. తొంభై ఒకటి పాయింట్ నాలుగును ఎవరైనా ఉత్త తొంభై ఒకటి అన్నారో, ఆ పూట వాళ్లకు మూడినట్టే. అలాంటి మనిషి ఒక లెక్కలో అడ్డంగా దొరికిపోయింది. దొరికింది కూడా తనకు తనే.

సంగతేమిటంటే, అక్కడి శీతల గదిలో అరలు నిండిపోయాయి. కొత్త రకాలకు చోటు కావాలంటే పాతవాటిలో చచ్చువాటిని తీసేయాలి. ప్రతి రకం నుంచీ కొన్ని గింజలు తడి కాగితం మీద మొలకెత్తించి చూస్తారు. సగానికి తక్కువ మొలిస్తే ఆ అర ఖాళీ. ఆ పాతవాటిలో ఒక నల్ల చిక్కుడు ఉంది. ఏళ్ల తరబడి ఏరి, పెంచి, దాన్నొక రకంగా నిలబెట్టినవాడు మొలకల గది పెద్ద, ఆమె సొంత మేనమామ. ఆయనకు పిల్లల్లేరు. ఉన్నదల్లా ఈ మేనకోడలూ ఆ చిక్కుడూ.

ఆమె రాసిన నివేదికలో నల్ల చిక్కుడు గట్టెక్కింది. ఇక డైరెక్టర్ సంతకమే తరువాయి. ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది గానీ, మామయ్య మాత్రం ఊఁ అని ఊరుకున్నాడు. అప్పట్నుంచీ మధ్యాహ్నం భోజనానికి కూడా పిలవడం లేదు. పని ఒత్తిడి కాబోలు అనుకుంది.

నివేదికలోకి గ్రాఫులు గీయడానికి ఫైళ్లు మళ్లీ తెరిచినప్పుడు బయటపడింది అసలు విషయం. ఆమె పనంతా కంప్యూటర్‌లో, ఆర్ అనే గణాంకాల భాషలో. ఒక్కో రకానికి ఒక్కో ఫైలు. లోపలి పట్టికకు మాత్రం అన్నిటిలోనూ ‘మొలకలు’ అనే ఒకటే పేరు. ఆ ఘనకార్యం ఆమెదే. మొదటి ఫైలు నమూనాగా తను చేసిస్తే, మిగతావాళ్లు దాన్నే నకలు కొట్టారు. తిరకాసంతా అక్కడే ఉంది. సేవ్ చేస్తే ఆ భాష పట్టికను పేరుతో సహా దాస్తుంది. లోడ్ చేస్తే అదే పేరుతో తెచ్చి ముందు పెడుతుంది. ఆ పేరుతో అప్పటికే ఇంకో పట్టిక తెరిచి ఉంటే, దాన్ని తోసేసి దాని చోట్లో కూర్చుంటుంది. అడగదు, చెప్పదు, కనీసం దగ్గదు.

ఇప్పుడు నల్ల చిక్కుడు ఫైలు తెరిస్తే అంకె వేరేగా వచ్చింది. మళ్లీ తెరిచింది. మళ్లీ అదే. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు చిక్కుడు లెక్క మధ్యలో ఉండగా డైరెక్టర్ ఫోన్ చేసి, ఒక కొత్త రకం ఎంత మొలిచిందని అడిగాడు. ఆ ఫైలు లోడ్ చేసి, జవాబు చెప్పి, వదిలేసిన చోటి నుంచే పని అందుకుంది. ‘మొలకలు’ సగటు ఎంత అని అడిగింది. అది చెప్పింది. చెప్పింది కొత్త రకానిది.

ఎవరూ చూడలేదు కదా అన్న ఆలోచన రానే వచ్చింది. వచ్చినందుకు ఆమెకే సిగ్గేసింది.

దాచడానికి ఇంకో పద్ధతి ఉంది. అందులో పట్టిక పేరు లేకుండా వెళ్తుంది. తెరిచేటప్పుడు మనం ఏ పేరు పెడితే ఆ పేరుతో వస్తుంది. ఆమె అన్ని ఫైళ్లనూ అలా కొత్తగా దాచి, ఏ రకం పేరు దానికే పెట్టి తెరిచి, లెక్కలన్నీ మొదటి నుంచి చేసింది. మిగతావేవీ చెక్కుచెదరలేదు. నల్ల చిక్కుడు మాత్రం మూడో వంతు దగ్గరే ఆగిపోయింది.

మామయ్య మొలకల గదిలో తడి కాగితాలు మారుస్తున్నాడు.

“మామయ్యా, నల్ల చిక్కుడు లెక్క తప్పు. నేనే తప్పు చేశాను. సగం కూడా మొలవలేదు.”

ఆయన చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది. ఎలా జరిగిందని అడిగాడు. ఆమె చెప్పింది. ఫోను వచ్చిన సంగతి మళ్లీ చెప్పించుకున్నాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“నిజంగా పొరపాటేనా?”

“పొరపాటు కాక మరేమిటి?”

“ఆ గింజలు లెక్కపెట్టింది నేనే తల్లీ. మొలవలేదని నాకు తెలుసు. నీ నివేదిక చూసి, నా మీద ప్రేమకొద్దీ అంకె మార్చేశావనుకున్నాను.”

భోజనానికి పిలవకపోవడం ఎందుకో ఇప్పుడు తెలిసింది. తననా అనుమానించింది అని కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

“మరి అడగలేదేం?”

“అడిగితే చిక్కుడు పోతుంది కదా.” ఆయన తల దించుకున్నాడు. “నిన్ను దొంగ అనుకుంటూనే ఊరుకున్నాను. నీ తప్పు మెషీన్ మీదికి పోతుంది. నాది ఎక్కడికి పోతుంది?”

ఆమె కోపం ఎటు పోయిందో పోయింది. ఆయన పట్టకారు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని లేచాడు.

“పద, ఆ సంతకం పడకముందే ఇద్దరం వెళ్లి చెప్పేద్దాం. నీ క్యారేజీ కూడా తెచ్చుకో. అటునుంచటే భోంచేద్దాం.”