తలుపు దాకా మోసుకొచ్చినవాడు

కొడుకు గురించి పదిమందిలో చెప్పుకోవడానికి ఓర్ఫా స్టెగల్‌కు ఒక మంచి మాట దొరక్క ఇరవై ఏళ్ళు దాటింది. చివరికి దొరికిన రోజున ఆవిడ దాన్ని కడుపులో దాచుకోలేకపోయింది. ఏ తల్లి మాత్రం దాచుకుంటుంది?

డెల్బీ ఊళ్ళో నలభై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్నవాళ్ళందరూ ఆవిడ చేతి వంట తిన్నవాళ్ళే. బడి వంటగదిలో పనిచేసినంత కాలం ఏ పిల్లాడికి బీన్స్ పడవో, ఎవరికి మొక్కజొన్న రొట్టె రెండో ముక్క పెట్టాలో ఆవిడకు నోటికి వచ్చు. ఆ పిల్లలే పెద్దవాళ్ళయ్యాక దుకాణంలో ఆవిడ ఎదురైతే పప్పు డబ్బాల మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టేవారు. కారణం కొడుకు రాయిస్.

రాయిస్ ఇరవై రెండేళ్ళ వయసులో పదిహేనేళ్ళ పిల్ల విషయంలో జైలుకు వెళ్ళాడు. ఆ పిల్ల అదే ఊరి గ్లెండా పర్విస్ మేనకోడలు. వాడిది తప్పు కాదని ఓర్ఫా ఒక్కనాడూ అనలేదు. పిల్ల మీద నెపం పెట్టబోయిన చుట్టాలను గుమ్మంలోంచే వెనక్కి పంపింది. శిక్ష అన్నాక ఎప్పటికో అప్పటికి అయిపోతుందని మాత్రం అనుకుంది. అక్కడే ఆవిడ లెక్క తప్పింది. జైలు నుంచి వచ్చిన కొడుకు పేరూ, ఫొటో, ఇంటి చిరునామా సర్కారు పెట్టే నేరస్థుల జాబితాలో చేరి ఊళ్ళో అందరి ఫోన్లలోకీ ఎక్కాయి. బడి ఆవరణలో కాలు పెట్టకూడదు, బడికి దగ్గర్లో ఉండకూడదు, పార్కు పక్కన ఉండకూడదు. దాంతో మొగుడు కట్టించిన ఇల్లు అమ్మేసి, ఊరి బయట గోధుమ గాదెల వెనకాల ఒక రేకుల ఇంట్లోకి మారారు. ట్రక్కు మార్చిన సంగతి షెరిఫ్ ఆఫీసులో ఆలస్యంగా చెప్పాడని వాణ్ణి మరోసారి లోపల వేశారు. ఇంకోసారి నిబంధన తప్పితే నువ్వు బయటికి రావడం మీ అమ్మ చూడదని జడ్జి ఆవిడ ఎదుటే అన్నాడు.

ఇప్పుడు ఆవిడ ఒళ్ళు పూర్తిగా వాడి చేతుల్లో ఉంది. చక్కెర జబ్బుతో కాళ్ళు చచ్చుబడ్డాయి. వాకర్ పట్టుకుని మంచం నుంచి వంటింటికి వెళ్ళడమే గగనం. పొద్దున్నే సూది వేసేదీ, పాదాలు కడిగి పుండ్లు చూసేదీ, మూడు మెట్లు దింపి ట్రక్కు ఎక్కించేదీ రాయిసే. వాణ్ణి మళ్ళీ పట్టుకుపోతే తనకు వృద్ధాశ్రమం, వాడికి జైలు. ఇది ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మే నెలలో ఆ సోమవారం మధ్యాహ్నం నుంచే ఆకాశం ఆకుపచ్చగా తిరిగింది. సైరన్ మోగింది. రేకుల ఇంట్లో ఉండి సుడిగాలిని ఎదుర్కొనేవాడు డెల్బీలో లేడు. ఊరికంతా ఉన్నది ఒక్కటే తుఫాను గది, బడి నేలమాళిగలో. మామూలుగా పక్కింటి లోవెల్ ఆవిడను తీసుకెళ్ళేవాడు. ఆ రోజు లోవెల్ కూతురి కాన్పుకని టల్సా వెళ్ళాడు. ట్రక్కును బడి ఎదుటి రోడ్డు మీదే ఆపి ఎవరినైనా పిలుద్దామని రాయిస్ బయలుదేరాడు. తీరా వెళితే రోడ్డు మీద పురుగు లేదు. కోడిగుడ్లంత వడగళ్ళు. వాడు ఒక్క క్షణం స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తన కోటు తల్లి తల మీద కప్పి, ఆవిడను చంటిపిల్లలా ఎత్తుకుని, బడి ముందరి గడ్డి అడ్డంగా దాటి తలుపు దాకా పరిగెత్తాడు.

తలుపు దగ్గర గ్లెండా ఉంది. లోపల పిల్లలు ఏడుస్తున్నారు.

"నువ్వు రా ఓర్ఫా. వాడు కాదు."

అయితే నేనూ రానని ఓర్ఫా కొడుకు మెడ పట్టుకుని వేలాడింది. రాయిస్ ఆ చేతులు విడిపించి ఆవిడను తలుపు లోపలి కుర్చీలో దించాడు. వాడి చెవి చిట్లి మెడ మీదికి రక్తం కారుతోంది.

"గొడవ పెట్టకమ్మా. నేను కాలవలో పడుకుంటాలే."

గ్లెండా తలుపు వేసింది. సుడిగాలి ఊరికి పడమరగా పోయి రెండు గాదెలు కూల్చి వెళ్ళింది. రాయిస్ రోడ్డు పక్క కాలవలో బోర్లా పడుకుని బతికాడు. సాయంత్రం బురదతో వచ్చి, రోడ్డు దాకా ఎవరో తెచ్చిన తల్లిని ట్రక్కులో ఎక్కించుకుంటూ, సూది వేళ దాటిపోయిందని నొచ్చుకున్నాడు. ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

బుధవారం సాయంత్రం చర్చిలో ప్రార్థన. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. పైకప్పు నిలిచిందని ఒకరు, ఆవుల మంద దక్కిందని ఇంకొకరు చెప్పారు. ఓర్ఫా చాలా ఏళ్ళుగా ఆ వేళ తల వంచుకుని కూర్చునేది. చెప్పుకోవడానికి ఏముంది గనక? ఆ రోజు మాత్రం చెయ్యెత్తింది. పాస్టర్ ఎల్డన్ మైకు తెచ్చి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

"మా రాయిస్ నన్ను మోసుకొచ్చాడు. రాళ్ళు పడుతుంటే తన కోటు నాకు కప్పి, బడి తలుపు దాకా తెచ్చి దించాడు. వాణ్ణి లోపలికి రానివ్వరని తెలిసీ తెచ్చాడు. నా కొడుకు గురించి మీరందరూ ఒకటి విన్నారు. ఇది కూడా వినండి."

ముందు ఎవరూ పలకలేదు. తర్వాత వెనక వరసలోంచి ఎవరో ఆమెన్ అన్నారు. ఆ వెంటనే చాలా గొంతులు కలిశాయి. మూడో వరసలో కూర్చున్న డెప్యూటీ షెరిఫ్ లైల్ హాకెట్ కళ్ళు తుడుచుకున్నాడు. మంచి మాటకు మొహం వాచిన మనిషికి అంతకన్నా ఏం కావాలి! ఇంటికెళ్ళి రాయిస్‌కు చెబితే వాడు సిగ్గుపడి గిన్నెలు తోమడానికి పోయాడు. గిన్నెల చప్పుడులో వాడు ఈల వేయడం ఆవిడ విన్నది. ఇరవై ఏళ్ళ తర్వాత.

మంచం దిగలేని వాళ్ళ కోసం చర్చివాళ్ళు బుధవారం ప్రార్థనను ఫోన్లలో చూపిస్తారు. ఎవరో పుణ్యాత్ముడు ఆ ముక్క వరకు కోసి షెరిఫ్ ఆఫీసుకు పంపాడు. శుక్రవారం లైల్ వచ్చాడు. చిన్నప్పుడు ఆవిడ చేతి రొట్టె రెండో ముక్క తిన్నవాళ్ళలో వాడొకడు. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"బడి గడ్డి మీద కాలు పెట్టాడు ఆంటీ. మీరే చెప్పారు. నేనూ విన్నాను."

"విని కళ్ళు తుడుచుకున్నావు కదరా."

"తుడుచుకున్నాను. అయినా తీసుకెళ్ళక తప్పదు."

రాయిస్ సూదుల డబ్బా ఆవిడకు అందే ఎత్తులో పెట్టి, ఎప్పుడు ఎంత వేసుకోవాలో రెండుసార్లు చెప్పి వెళ్ళాడు. ఓర్ఫా లైల్ కారు మలుపు తిరిగేదాకా కిటికీ పట్టుకుని నిలబడింది. నా నోరు పడిపోయినా బాగుండేదని తనను తాను తిట్టుకుంది.

కోర్టు ఇచ్చిన కుర్ర లాయరు ఫోన్ చేశాడు. బడి కెమెరాలు కరెంటు పోయి ఆగిపోయాయట. తలుపు దగ్గరున్నవాళ్ళు ఏమీ చూడలేదని చెప్పారట. పోలీసుల చేతిలో ఉన్నది మీ మాట ఒక్కటేనమ్మా అన్నాడు. ఆ మాట లేకపోతే అని ఓర్ఫా అడగబోతే, ఆ ప్రశ్న నన్ను అడక్కండని ఫోన్ పెట్టేశాడు. తెలివైన కుర్రాడు.

ఆదివారం గ్లెండా వచ్చింది. కోడిమాంసం, అన్నం కలిపి కాల్చిన పళ్ళెం చేతిలో ఉంది. ఇన్నేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదలు. పళ్ళెం బల్ల మీద పెట్టి, కూర్చోకుండా మాట్లాడింది.

"ఏమీ చూడలేదని చెప్పింది నేనే. వాడి మీద జాలితో కాదు. నా మేనకోడలు ఇప్పటికీ గదిలో దీపం ఆర్పి పడుకోలేదు. వాణ్ణి చచ్చేదాకా క్షమించను."

"మరి ఎందుకు చెప్పావు?"

"రాళ్ళ వానలో మనిషిని బయట పెట్టి తలుపు వేశాను. గడియ పడిన చప్పుడు చెవుల్లోంచి పోవట్లేదు. నేను నోరు మూసుకున్నాను ఓర్ఫా. నువ్వు మూసుకోలేకపోయావు."

గ్లెండా పళ్ళెం మీది మూత తీసి, చల్లారితే బాగోదని చెప్పి వెళ్ళిపోయింది.

మంగళవారం జైలు నుంచి రాయిస్ ఫోన్ చేశాడు. ఆ ఫోన్లో మాటలన్నీ జైలువాళ్ళు వింటారు. సూది వేసుకున్నావా, పుండ్లు చూసుకున్నావా అని ముందు అడిగాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు.

"ఇంకోసారి చెప్పమ్మా. నువ్వు చెప్పాక వాళ్ళు ఏమన్నారు?"

"ఆమెన్ అన్నారురా."

"అందరూనా?"

"అందరూ."

రేపు తాను ఏం చేయబోతున్నదో వాడికి చెప్పడానికి వీల్లేదు. రేపు చెప్పేది అబద్ధం, మొన్న చెప్పినదే నిజం అని ఆ తీగ మీద అనడానికి అసలే వీల్లేదు. ఎవరి నోటి నుంచి వాడు వింటాడో, విని ఏమనుకుంటాడో ఆవిడకు తెలియదు. ఫోన్ పెట్టాక మంచం మీద కూర్చుని, దేవా, నీ ఇంట్లోనే అబద్ధమాడబోతున్నాను, నీకు చేతనైతే ఆపు అని పైకే అంది. దేవుడు ఆపలేదు.

బుధవారం లోవెల్ తీసుకెళ్ళాడు. మేళ్ళు చెప్పుకునే వేళ వచ్చింది. ఓర్ఫా చెయ్యెత్తింది. మైకు తెస్తున్న ఎల్డన్ ముఖంలో జాలి కనిపించింది. ఫోను కెమెరా తన వైపే ఉందని చూసుకున్నాకే ఆవిడ నోరు తెరిచింది.

"పోయిన వారం ఇక్కడ అబద్ధం చెప్పాను. నా కొడుకు నన్ను మోసుకురాలేదు. రోడ్డు మీదే దింపేసి, తన ప్రాణం కోసం పారిపోయాడు. బడి గడ్డి మీద వాడు కాలే పెట్టలేదు. వాణ్ణి మంచివాడిగా చూపించాలని కల్పించి చెప్పాను. నేనే పాక్కుంటూ వచ్చాను."

చర్చి అంతా నిట్టూర్చింది. ఈసారి మౌనం ఎంతో సేపు నిలవలేదు. పాపం తల్లి మనసు అని ఒకరన్నారు. అలాంటివాడి నుంచి ఇంకేం వస్తుందిలే అని ఇంకొకరు కాస్త గట్టిగానే అన్నారు. లైల్ హాకెట్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆవిడ మాటలు రాసుకున్నాడు. ఆడవాళ్ళు లేచివచ్చి ఆవిడ చుట్టూ మూగి భుజాలు నిమిరారు. గ్లెండా ఒక్కతే కదలకుండా తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది.

ఓర్ఫా ఒక్కొక్క ముఖం చూసింది. తాను వాకర్ పట్టుకున్నా నాలుగడుగులు వేయలేనని వాళ్ళందరికీ తెలుసు. చర్చి మెట్లు ఎక్కించింది కూడా వాళ్ళలో ఇద్దరే. రోడ్డు నుంచి బడి తలుపు దాకా ఆ వడగళ్ళలో ఎలా పాకావమ్మా అని ఒక్కరైనా అడుగుతారేమోనని ఆవిడ చూసింది. అడిగితే ఏం చెప్పాలో రాత్రంతా ఆలోచించి పెట్టుకుంది.

ఎవరూ అడగలేదు.