తోక బరువు

కూర్మనాథానికి నోటికన్నా ముందు చెయ్యి లేచేది. పలాసలో హైవే పక్కన లారీ బాడీలు కట్టే షెడ్డు అతనిది. తలుపు సరిగ్గా పడకపోతే తలుపునీ బాదేవాడు, దాన్ని బిగించినవాణ్నీ బాదేవాడు. పెళ్లాం మహాలక్ష్మినీ కొట్టేవాడు. కూరలో ఉప్పు తక్కువైందని ఒకనాడు, ఎందుకో తనకే తెలియక ఇంకొకనాడు. సాయంత్రానికి మర్చిపోయేవాడు. మర్చిపోవడానికేం, దెబ్బలు తిన్నది తను కాదు కదా!

అంతటివాడూ ఒక్కడి మాటకి మాత్రం చెవి ఒగ్గేవాడు. వాడు మహాలక్ష్మి తమ్ముడు పాండు. ఐటీఐ చదివి బావ షెడ్డులోనే చేరాడు. రెండువేల ఒకటిలో ఒకరోజు నెట్ సెంటర్ నుంచి బొమ్మల కాగితాలు పట్టుకొచ్చి, "బావా, మనం తోక లేని ఇమానం కడదామేటి?" అన్నాడు. కూర్మనాథం ముందు పగలబడి నవ్వాడు. తరవాత ఆ కాగితాలు వదల్లేదు.

రెండేళ్లు పట్టింది. అల్యూమినియం గొట్టాలతో పెద్ద ముక్కోణం కట్టారు. దానికి గుడ్డ బిగించి రంగు పూశారు. ముక్కులో రెండు సిలిండర్ల పాత మోటారుసైకిలు ఇంజను పెట్టారు. దాని ముందు తిరిగే రెక్కని కూర్మనాథం పనస చెక్కతో తనే చెక్కాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. సముద్రం ఒడ్డునున్న అక్కుపల్లి నుంచి వచ్చిన జాలర్లు దాన్ని చూసి టేకు చేప అన్నారు. నిజమే, ఆ చేపలాగే పలకగా, మూడు మూలలతో ఉంది.

అసలుది కట్టకముందు వెదురు పుల్లలతో చిన్నది చేసి ఇసుక దిబ్బ మీంచి విసిరి చూశారు. ముక్కు బరువుగా ఉన్నప్పుడు అది తిన్నగా వెళ్లి ఇసుకలో గుచ్చుకుంది. సరే చూద్దామని పాండు వెనక చిన్న రాయి కట్టి విసిరాడు. ఈసారి బ్రహ్మాండంగా లేచింది. లేస్తూ లేస్తూ నిలువునా నిలబడి, వెనక్కి పల్టీలు కొట్టి ముక్కలైపోయింది.

"సూసినావా బావా! ముక్కు బరువైతే ఎగరదు, అంతే. ఎనక బరువైతే మనిసిని సంపేత్తాది. తిరిగి సరిసెయ్యడానికి దీనికి తోక లేదు కదా" అన్నాడు పాండు.

ఆ మాట కూర్మనాథం బుర్రలో నాటుకుపోయింది. పెద్ద విమానాన్ని షెడ్డు దూలానికి వేలాడదీసి, సీట్లో మనిషిని కూర్చోబెట్టి, ముక్కు కాస్త కిందికి వాలేదాకా తూకం సరిచూశారు. గొడవ అక్కడే వచ్చింది. సీటు తూకం నిలిచే చోటుకి కొంచెం వెనక పడింది. కూర్మనాథం భారీ మనిషి, అతను కూర్చుంటే ముక్కు పైకి లేస్తోంది. బక్కవాడు పాండు కూర్చుంటే సరిగ్గా నిలుస్తోంది.

ఎగిరించే రోజుకి ముందు రోజు మధ్యాహ్నం కూర్మనాథానికి ఒళ్లు మండిపోయింది. "షెడ్డు నాది, సేతులు నావి, ఎగిరీది నువ్వేట్రా!" అని గుద్దాడు. పాండు పన్నొకటి ఊడి పడింది.

పాండు తిరిగి కొట్టలేదు. పెదవి తుడుచుకుని, "కొట్టు బావా. రేపు నానే ఎక్కుతాను. తూకం అలా సెప్పింది, నాను కాదు" అన్నాడు.

"ఎక్కి సూడు, కాళ్లిరగ్గొట్టేత్తాను!" అని అందరూ వినేలా అరిచాడు కూర్మనాథం. అన్నం తెచ్చిన మహాలక్ష్మి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె గుండెల్లో ఏముందో అతను అడగలేదు. అడిగే అలవాటు ఉంటే కదా.

తెల్లారేసరికి అతని కోపం చల్లారింది. మహాలక్ష్మినీ వెంటబెట్టుకుని అక్కుపల్లి తీరానికి తనే లారీలో విమానం తెచ్చి, తనే కొబ్బరికాయ కొట్టాడు. 'క్షమించరా' అనడానికి మాత్రం నోరు పెగల్లేదు. సముద్రం వెనక్కి తగ్గి ఇసుక గట్టిపడి ఉంది. వాచిన పెదవితో పాండు సీట్లో కూర్చున్నాడు. కూర్మనాథం మొహం చాటేసి దూరంగా, విమానం గాల్లోకి లేవాల్సిన చోట, ఒడ్డున ఉన్న పడవ పక్కన నిలబడ్డాడు.

ఇంజను గర్జించింది. విమానం అతని వైపు పరుగెత్తుకొస్తోంది. అంతలోనే ముందు చక్రం ఇసుకని వదిలి ఎగిరెగిరి పడుతోంది. ఇంత తొందరగా లేవకూడదే! కూర్మనాథం వంగి చూశాడు. చక్రాల మధ్యలోంచి, బాగా వెనక, గుడ్డ మూట ఒకటి ఊగుతోంది. గుండ్రంగా, బరువుగా. దిష్టికి ఇంటి గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయ.



"ఆపరా! ఎనక బరువున్నాదిరా!" అని రెండు చేతులూ ఎత్తి పరుగెత్తాడు. ఇంజను మోతలో అరుపు కలిసిపోయింది. పాండుకి కనబడింది ఎత్తిన చేతులే. ఆ చేతులు ఎందుకు లేస్తాయో వాడికి నిన్ననే తెలిసింది. వాడు ఇంజను వేగం ఇంకా పెంచాడు.

కూర్మనాథం పడవకి ఆనించిన తెడ్డు లాక్కుని అడ్డంగా ఉరికాడు. తను చెక్కిన పనస రెక్కలోకే దాన్ని పొడిచాడు. ఫెళ్లుమని రెక్క పగిలింది. ఓ చెక్క పేడు అతని చెంపని చీల్చేసింది. విమానం గిర్రున తిరిగి, ఒక మూల ఇసుకలో దిగబడి, విరిగి కూలింది.

పాండు బయటికి దూకాడు. విరిగిన తెడ్డు ముక్క అందుకున్నాడు.

"రెండేళ్లు బావా! రెండేళ్ల కట్టం!" అంటూ భుజం మీద, డొక్కల్లో, నోటి మీద బాదాడు. పట్టుకోవడానికి వచ్చిన పైడయ్య అనే జాలరిని ఒక్క తోపు తోశాడు. కూర్మనాథం తలుచుకుంటే ఒంటి చేత్తో వాణ్ని విరిచెయ్యగలడు. చెయ్యి ఎత్తలేదు. మాట్లాడబోతే నోటి నిండా నెత్తురు. విమానం వెనక్కి, వెనక్కి చూడమని వేలితో చూపించాడు. పాండు ఆ వేలి మీద కూడా కొట్టాడు.

మహాలక్ష్మి పరుగున వచ్చి మొగుడి మీద పడిపోయింది. "కొట్టకురా! నానే కట్టినాను. నీకు దిట్టి తగలకూడదని, కొబ్బరికాయ కొట్టీటప్పుడు ఆ గుమ్మడికాయ నానే కట్టినాను!"

పాండు తిరిగి చూశాడు. విరిగిన విమానం వెనక గుమ్మడికాయ బద్దలై, తెల్లటి గుజ్జు ఇసుకలో చెదిరి ఉంది. చిన్న రాయి ఏం చేసిందో వాడికి తెలుసు. తెడ్డు ముక్క చేతిలోంచి జారిపోయింది.

"అప్పా, సచ్చిపోదును కదే" అంటూ అక్క పక్కన కూలబడ్డాడు. ఆ తరవాత "బావా" అన్నాడు.

కూర్మనాథం నెత్తురు ఉమ్మి, పెళ్లాం వైపు చూశాడు. "నాకొక్క మాట సెప్పొచ్చు కదే."

"సెప్తే కొడతావని" అంది మహాలక్ష్మి. నిష్ఠూరంగా కూడా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్టు అంది.

అతనికి తనంతట తను లేచే ఓపిక లేదు. లేవదీస్తుందని ఆమె వైపు చెయ్యి చాపాడు.

మహాలక్ష్మి చటుక్కున కళ్లు మూసుకుని, భుజం అడ్డం పెట్టి, మొహం పక్కకి తిప్పుకుంది.

తీరంలో ఉన్నవాళ్లంతా చూశారు. పాండు కొట్టిన ఏ దెబ్బకీ కిక్కురుమనని కూర్మనాథం అప్పుడు బావురుమన్నాడు. చాపిన చేతిని మెల్లిగా దించి ఇసుకలో పెట్టుకున్నాడు. లేవదీయమని మళ్లీ అడగలేదు.