వీపున పిల్లలున్న సాలీడు

హెస్టర్ లమ్లీ సాలీడును జాడీతో సహా చల్లటి రాతి అరలో పెట్టి, అది మందగించేదాకా పొయ్యి పక్కన చేతులు కాచుకుంటోంది. పొద్దున్నపూట వేళ్ళు ఆమె మాట వినవు. జూన్ నెలైనా ఇంగ్లండులోని ఈ సఫోక్ పల్లెల్లో ఉదయం చలి గిల్లుతూనే ఉంటుంది. చల్లబడిన సాలీడు కాసేపు కదలదు. ఆ కాసేపట్లోనే రంగులు పట్టుకోవాలి. చంపి, కుళ్ళకుండా స్పిరిట్‌లో వేశాక ఏ సాలీడైనా మరిగిపోయిన టీ ఆకు రంగే.

ఇదే ఆఖరి పటం. పక్కవీధిలో ఉండే ఆష్బీ మాస్టారు బడి నుంచి రిటైరయ్యాక ఆ ప్రాంతపు సాలీళ్ళ మీద పుస్తకం రాస్తున్నారు. రాత ఆయనది, బొమ్మలు హెస్టరువి. ఈ చిత్తడినేల సాలీడు ఆ చుట్టుపక్కల ఇంతవరకు ఎవరికీ దొరకని జాతి అని మాస్టారి ఆశ. అవునో కాదో తేలాలంటే దాన్ని చంపి, పొట్ట కింది భాగాన్ని మైక్రోస్కోపుతో చూడాలి. పటం, పేరు రెండూ సాయంత్రం అచ్చాఫీసు బండికి అందాలి. మొన్నే స్పిరిట్‌లో వేయాల్సింది. దాని వెనక వేలాడే గుడ్ల సంచి చూసి హెస్టరే రేపు, రేపు అంటూ సాగదీసింది.

పాలు తెచ్చిన పొరుగింటి నోరా గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"ఇంకా ఆ పురుగుతోనే కాపురమా హెస్టరమ్మా?"

"గురక పెట్టదుగా. మీ ఆయనకన్నా నయమే."

"అది నిజమేలే. మొహం ఏంటలా పీక్కుపోయింది? డాక్టరేమన్నాడు?"

"మెట్లెక్కొద్దన్నాడు. ఈ కొంపలో మెట్లెక్కడున్నాయి? ఆయన మాట తు.చ. తప్పకుండా వింటున్నా."

నోరా నవ్వింది గానీ, వెళ్ళేముందు బొగ్గుల బుట్ట తనే నింపి పెట్టింది.

హెస్టర్ జాడీ తీసి కిటికీ దగ్గరికి తెచ్చి, ఉసూరుమంటూ కూర్చుంది. రాత్రికి రాత్రే పిల్లలు పుట్టాయి. ఆవగింజలకన్నా చిన్నవి, తల్లి వీపంతా కమ్మేసి ఒకదాని మీద ఒకటి ఎక్కి పట్టుకుని ఉన్నాయి. వీపు మీద గీయాల్సిన మచ్చ సరిగ్గా వాటి కిందే ఉంది.

మాస్టారు వచ్చి భూతద్దంలోంచి చూసి పెదవి విరిచారు.

"కుంచెతో తోసెయ్యండి."

"తోశాను మాస్టారూ. తల్లి కాళ్ళు పట్టుకుని మళ్ళీ ఎక్కేశాయి."

"అయితే స్పిరిట్‌లో వేసెయ్యండి, అవే రాలిపోతాయి. వీపు కనబడకపోతే అది బొమ్మెలా అవుతుంది? ఈ చేత్తో ఎన్నిటిని వేశారు!"

"అందుకే."

"అందుకే అంటే?"

"విసుగొచ్చింది మాస్టారూ. చంపీ చంపీ."

ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. కోప్పడదామనుకుని మానుకున్నారు. "జీవితమంతా తడిగడ్డిలో పాకాను హెస్టర్. ఒక్క కొత్తది నా చేతుల మీదుగా తేలాలని. ఇంకేమీ అడగను. సాయంత్రం వస్తాను, చేసి ఉంచండి."

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆమెకు బాధ కలిగించింది కూడా అదే.

హెస్టర్ పడుచుదనమంతా విత్తనాల వ్యాపారి దగ్గర గడిచింది. ధరల పట్టీ కోసం బఠానీ కాయలు, ముల్లంగులు గీసేది. ఓసారి ముల్లంగి ఆకు మీద వాలిన పేనుబంక పురుగును కూడా గీసినందుకు యజమాని చీవాట్లు పెట్టాడు. ఆ బొమ్మ చూసే మాస్టారు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. అప్పటినుంచీ ఆమెకు చచ్చినవాటితోనే పని. కాలు విరిగినవాటికి కాలు గీసింది, ముడుచుకున్నవాటిని సాపు చేసింది. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా తీరిగ్గా కూర్చుని దిగులు పడలేదు.

సాలీడును గీయడానికి ఒక సులువుంది. సగం గీసి, పల్చటి కాగితం మీదికి ఎత్తి, తిరగేసి దించితే రెండో సగం వచ్చేస్తుంది. హెస్టర్ పల్చకాగితం తీసి చూసి పక్కన పడేసింది. పిల్లలు ఎడమవైపున్నట్టు కుడివైపు లేవు. ఒక్కోదాన్నీ విడిగా గీయాల్సిందే.

గీసింది. సాలీడు వెచ్చబడి కదిలినప్పుడల్లా లేచి రాతి అరలో పెట్టి, మళ్ళీ తెచ్చుకుంది. మధ్యాహ్నం రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది గానీ సయించలేదు. ఎడమ చెయ్యి భుజం దాకా లాగుతోంది. ఒళ్ళంతా బరువుగా ఉంది. అయినా చాలా ఏళ్ళ తర్వాత, గీస్తున్నది తనవైపు చూస్తున్నట్టనిపించి ఆమెకు సంతోషం వేసింది.

పటం పూర్తయ్యాక స్పిరిట్ సీసా బిరడా తీసింది. జాడీలోకి ఓసారి చూసింది. మళ్ళీ బిరడా బిగించి, జాడీ పట్టుకుని పెరటి కాలవ గట్టుదాకా నెమ్మదిగా నడిచి, గడ్డిలో ఒంపింది. సాలీడు పిల్లలతో సహా చిటికెలో మాయమైంది. మాస్టారికి అన్యాయం చేస్తున్నానని ఆమెకు తెలుసు. తెలిసే చేసింది.

సాయంత్రం మాస్టారు తలుపు తోసుకుని వచ్చేసరికి ఆమె కిటికీ దగ్గర కుర్చీలో వెనక్కి వాలి ఉంది. బల్ల మీద పటం, పక్కన జాడీ. అందులో సాలీడు లేదు. ఆయన ముఖం కందగడ్డలా అయింది.

"ఎంత పని చేశారు హెస్టర్! అడగడానికైనా నోరు రాలేదా?"

భుజం తట్టబోయి ఆయన చెయ్యి ఆగిపోయింది. తర్వాత చల్లబడిపోయిన ఆమె చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, వేళ్ళకంటిన రంగును రుమాలుతో తుడుస్తూ చాలాసేపు కూర్చున్నారు. నోరా వచ్చి చూసి, ఏడుస్తూ డాక్టరు కోసం పరుగెత్తింది.

బండి వచ్చి హారన్ కొట్టింది. మాస్టారే పటం తీసుకెళ్ళి ఇచ్చారు.

"కింద పేరు రాయలేదేంటి మాస్టారూ?" అన్నాడు బండివాడు.

"నాకు తెలీదు."

"మీకు తెలీని సాలీడా!"

"తెలీదయ్యా. అలాగే వేయమను."

ఆయన లోపలికొచ్చి జాడీని వెలుగులోకి వంచారు. అడుగున గాజుకు అంటుకుని, కందిబద్దంత గుడ్ల సంచి ఒకటి, అంచు కుట్టు విడిపోయి, ఖాళీగా మిగిలి ఉంది.