చెట్టుకు కట్టిన కెమెరా

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాజాలక్క అంటారు. చొక్కాలకు కాజాలు కుట్టీ కుట్టీ ఆ పేరే మిగిలింది. ఏటా వేసవిలో తమ్ముడి కుటుంబం ఊళ్లు తిరిగొస్తుంది, ఈమె వాళ్ల ఇంటికి కాపలా ఉంటుంది. పెళ్లికాని అక్క ఉండగా ఇంకో కుక్కెందుకు? ఈ ఏడు మాత్రం తాళంచెవి తమ్ముడి చేతిలో పడేసి, ఒంటరిగా నేషనల్ పార్కులు చూడ్డానికి బయల్దేరింది. అడుక్కుని తెచ్చుకున్న సెలవు కాదు, కొట్లాడి తెచ్చుకున్నది.

జీపులో ఎప్పుడూ డ్రైవరు పక్క సీటే ఇచ్చారు. వెనకంతా జంటలు, పిల్లలు. దుప్పుల్ని ఫోన్లో తీసింది, ఎండిన వాగులో పొర్లే ఏనుగును తీసింది. ఇంటికి పంపింది.

తమ్ముడు రాశాడు: "బాగున్నాయక్కా. ఇంటర్నెట్లోంచి దింపావా? నువ్వెక్కడా కనపడవేం?"

ఒళ్లు మండింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి తన కోసం గడప దాటితే అదీ అబద్ధమేనట. తను వచ్చినట్టు ఒక్క ఫోటో కావాలి. చెయ్యి చాచి తనే తీసుకుంటే ఫోను నిండా మొహమే, అడవి లేదు. ఇది మేడమీద దిగావా అంటాడు. ఎవరో ఒకామెను అడగబోతే, ఆమే ముందు తన ఫోను ఈమె చేతిలో పెట్టి, మా ఆరుగురం పడాలి, కాస్త వెనక్కెళ్లండి అంది. వెనక్కెళ్లి తీసిచ్చింది. ఇక అడగడానికి నోరు రాలేదు.

చివరి పార్కులో, నడిచే దారి పక్క చెట్టుకు చిన్న పెట్టె కట్టి ఉంది. ముందు ఏది కదిలినా దానంతటదే ఫోటో తీస్తుందని, జంతువుల లెక్క కోసమని పక్కన బోర్డు. అది చదివేసరికే ఆమె దాన్ని దాటేసింది. అంటే తన ఫోటో అందులో పడే ఉంటుంది.

తిన్నగా గేటు దగ్గరి ఆఫీసుకు పోయింది. గార్డు ఆ పెట్టెల్లోంచి మెమరీ కార్డులు తెచ్చేదాకా, సాయంత్రం వరకూ బల్ల మీద కూర్చుంది. మనుషుల ఫోటోలు ఇవ్వకూడదు, కనపడగానే తుడిచెయ్యాలి అన్నాడతను. అడవిపందికైనా అక్కడ లెక్కుంది, మనిషికి లేదు.

"అయితే నేను చూశాక తుడవండి," అంది.

కంప్యూటర్లో అడవిపంది వచ్చింది. ఖాళీ దారి. నెమలి. తర్వాత తను. భుజాన సంచీ, చేతిలో చెప్పులు, పెదాలు కదులుతున్నాయి. నడుస్తూ తనలో తను మాట్లాడుకుంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

గార్డు ఆమె మొహం చూశాడు. "మంచినీళ్లు తాగొస్తానమ్మా," అని లేచి వెళ్లాడు.

తెర మీది బొమ్మను గబుక్కున తన ఫోన్లో ఫోటో తీసుకుంది. అతనొచ్చి అసలుది తుడిచేశాడు.

గేటు బయటికొచ్చి ఇంటికి పంపింది. ఈసారి మరదలు అందుకుంది: "భలే ఉందొదినా! ఎవరితోనో కబుర్లలో పడ్డట్టున్నావే. ఎవరు తీశారు?"

చివరి జీపు వెళ్లిపోయింది. కాజాలక్క దుమ్ములో నిలబడి ఆ ప్రశ్న మళ్లీ చదివింది. ఎవరో ఒకరి పేరు రాసేస్తే పోయేదేం లేదు.

"ఎవరూ తీయలేదు," అని రాసింది.