ఆత్మారాం జవాబు

గోడకు ఏ రంగు వేయాలో వేణు మళ్లీ అడిగాడు. కొడుకు ఫోనులో చూపిస్తున్న రంగులన్నీ ఆశన్న కళ్లకు ఒక్కలాగే ఉన్నాయి.

"ఏదో ఒకటి చెప్పు బాపు. పాడేటోనివి నువ్వు. ఈ గదిల అడుగు పెట్టంగనే నీకు పాట పుట్టాలె."

"ఆత్మారాంను ఎప్పుడు పిలుస్తవ్?" అన్నాడు ఆశన్న.

"రంగు కాంగనే."

నిజామాబాదులో వేణు ఇంటి డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఒక గది ఉంది. పాత కూలరు, విరిగిన మంచం, పనికిరాని డబ్బాలు పడేసే గది. వేణు దాన్ని ఖాళీ చేసి స్టూడియోగా మారుస్తున్నాడు. తండ్రి పాటలు రికార్డు చేసి యూట్యూబులో పెట్టాలని అతని ఆశ. అయితే ఆ పాటలు తండ్రి ఒక్కడివి కావు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో ఎడపల్లి నుంచి చెరుకు బండ్లు కట్టుకుని పోయేవాళ్లు. తూకం వేసే కాటా దగ్గర బండ్ల వరుస ఎంతకూ కదిలేది కాదు. ఎడ్లతో పాటు మనుషులూ పడిగాపులు పడేవాళ్లు. ఆ వరుసలో ఆశన్న తన బండి మీద కూర్చుని పాటలోనే ఒక సవాలు విసిరేవాడు. వెనక బండి మీది నుంచి ఆత్మారాం పాటలోనే జవాబిచ్చేవాడు.

"చెరుకు గడకు కణుపులేల పెట్టిండే ఆత్మన్నా?" అని ఇతనంటే,

"తీపి మొత్తం ఒక్కపారె మింగొద్దని పెట్టిండే" అని అతను.

మర్నాడు అదే సవాలుకు ఇంకో జవాబు వచ్చేది, అంతకంటే చిలిపిది. బండ్లవాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. సవాళ్లన్నీ ఆశన్నకు నోటికొచ్చు. జవాబుల్లో మాత్రం ఆ కణుపుల ముక్క తప్ప ఒక్కటీ గుర్తులేదు. జవాబు చెప్పే మనిషి ఎప్పుడూ వెనక బండి మీదే ఉండేవాడు, గుర్తుపెట్టుకోవలసిన పని ఏముంది?

ఇప్పుడు ఆత్మారాం గొంతులో గడ్డ లేచింది. సోమవారం రమ్మన్నారు హైదరాబాదు డాక్టర్లు. కోసి తీసేస్తే ప్రాణం దక్కుతుందట, మాట మాత్రం పోతుందట. గొంతు బొంగురుపోయినా పాట ఇంకా నిలబడుతూనే ఉంది. ఆ లోపే దాన్ని పట్టి పెట్టుకోవాలి. ఈ సంగతి ఆశన్న కొడుకుకు ఒకసారి చెప్పాడు. చెప్పిన మాటే మళ్లీ చెప్పాలంటే అతనికి నోరు రాదు, పుట్టుకతో వచ్చిన గుణం.

రంగు అయింది. తర్వాత గోడల నిండా నల్లటి స్పాంజి పలకలు అంటించాడు వేణు. తర్వాత రంగులు మారే లైట్లు వచ్చాయి. ఆ తర్వాత ఎక్కడి నుంచో ఒక పాత ఎడ్లబండి గీర, చెక్క చక్రం, తెచ్చి, రుద్ది, వార్నిష్ కొట్టించి గోడకు బిగించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఎడపల్లి నుంచి ఒక చెరుకు మోపు తెప్పించి మూలకు నిలబెట్టాడు. తెల్లారేసరికి గది నిండా చీమలు. అవి స్పాంజి పలకల వెనక్కి దూరాయి. వేణు పలకలన్నీ ఊడదీసి, చీమలను తోలి, మళ్లీ అంటించి, చివరకు చెరుకుకు కూడా వార్నిష్ కొట్టాడు.

"చెరుకుకు వార్నిషేందిరా?"

"చీమలు రావద్దని బాపు."

"తీసి పారెయ్."

"అది లేకుంటే మనయి చెరుకు బండ్ల పాటలని చూసేటోళ్లకు ఎట్ల తెలుస్తది?"

"వింటే తెలుస్తది."

వేణు నవ్వి బ్రష్ కడుక్కున్నాడు. రాత్రి తన దుకాణం మూసి వచ్చి, అన్నం కూడా తినకుండా, చేతుల నిండా గమ్ముతో పని చేస్తున్నాడు. ఆశన్నకు ఒళ్లు మండేది అందుకే. తిడదామంటే సందు లేకుండా కష్టపడుతున్నాడు.

గురువారం నాడు ఎడపల్లి నుంచి ఆత్మారాం, భార్య పెంటవ్వను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. మెట్లెక్కి గదిలోకి తొంగిచూసి గీర ముందు నిలబడిపోయాడు.

"ఆశన్నా, గిది సూడు. మన బండి గీరకు గింత సోకు ఏడుండె? బురద తప్ప."

అంతలోనే వార్నిష్ ఘాటుకు దగ్గు తెర వచ్చింది. ఎంతకూ ఆగలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. పెంటవ్వ వీపు రాసింది.

"కిందికి పోదాం. ఇంట్ల కూసోని పాడుదువు," అన్నాడు ఆశన్న. "వేణూ, నీ ఫోను పట్టుకరా."

"ఫోన్ల బాయిలకెల్లి మాట్లాడినట్టొస్తది బాపు. మైకు శనివారం వస్తుంది. ఆదివారం చేద్దాం, ఈ వాసన గూడ పోతది."

ఆశన్న భార్య శ్యామలమ్మ చాయ్ తీసుకుని పైకి వచ్చింది. "శనివారం దాక మూఢం ఉన్నది. మూఢంల ఎవలన్న కొత్త పని షురూ జేస్తరా? అందుల గాయిన ఆపరేషన్‌కు పోయే మనిషి. ఆదివారం కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టుండ్రి."

ఆశన్న ఆత్మారాం వైపు చూశాడు. ఇతనైనా తన పక్షాన మాట్లాడతాడనుకున్నాడు. ఆత్మారాం చాయ్ ఊదుకుంటూ గదిలోకే చూస్తున్నాడు.

"ఆదివారమే మంచిది. నాక్కూడ గా గీర ముందట కూసోని పాడాలనున్నది. మనుమండ్లు సూస్తరు."

"ఇప్పుడు గొంతున్నది నీకు."

"ఆదివారం యాడికి పోతది? పరేషాన్ గాకు. అప్పటిదాక జవాబులు తయారు పెట్టుకుంట."

"నువ్వెప్పుడు తయారు పెట్టుకున్నవ్?"

"గందుకే, ఒక్కసారన్న పెట్టుకోనియ్యి," అని ఆత్మారాం నవ్వబోయి దగ్గాడు.

అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. ఆశన్న చాయ్ తాగకుండా గ్లాసు మెట్టు మీద పెట్టేశాడు.

శనివారం మధ్యాహ్నం పెంటవ్వ ఫోను చేసింది. శ్యామలమ్మ ఫోను తెచ్చి ఆశన్నకు ఇచ్చింది.

"అన్నా, దవాఖానల మంచం ఖాళీ అయిందట. ఇయ్యాల్నే రమ్మన్నరు. బస్సెక్కినం, కామారెడ్డి దాటినం."

కామారెడ్డి దాటారంటే ఆ బస్సు నిజామాబాదు మీదుగానే పోయింది. బస్టాండులో ఆగి జనాన్ని ఎక్కించుకుని పోయింది. బస్టాండు ఈ ఇంటికి నడిచిపోయే దూరం.

"ఆయనకియ్యి."

"నిద్రవోతుండన్నా. రాత్రంత దగ్గే. లేపాల్నా?"

ఆశన్న నోట్లో చాలా మాటలు తిరిగాయి.

"లేపకు," అన్నాడు.

ఫోను భార్యకు ఇచ్చి డాబా ఎక్కాడు. గదిలో వేణు కొత్త మైకు స్టాండుకు బిగిస్తున్నాడు. లైట్లు ఎరుపు, నీలం, ఎరుపు, నీలంగా మారుతున్నాయి. ఆశన్న మూలకున్న చెరుకు మోపును చంకకెత్తి బయటికి తెచ్చి డాబా మీద విసిరికొట్టాడు. తాడు తెగి గడలు ట్యాంకు కింద దాకా దొర్లాయి.

"ఏమైంది బాపు?"

"పోయిండు."

"ఎవరు?"

"ఆత్మారాం. దవాఖానకు."

వేణు స్క్రూడ్రైవర్ పట్టుకునే బయటికి వచ్చాడు. "ముందుగాల పిలుస్తరని నాకేం తెలుసు బాపు," అన్నాడు. అదీ నిజమే. ఆశన్నకు ఏమీ అనాలనిపించలేదు. నిన్న అనాల్సింది. మొన్న అనాల్సింది. వేణు వంగి గడలు ఏరుతుంటే మెట్లు దిగిపోయాడు.

వానలు వెనకపట్టాక ఆత్మారాం పెంటవ్వతో కలిసి తిరిగి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. మెడ చుట్టూ తెల్లగుడ్డ, దాని వెనక గాలి బుసబుసమంటోంది. ఇంట్లోకి రాగానే చేత్తో పైకి చూపించాడు. డాబా మీది గది. తెల్ల చొక్కాలోనే వచ్చాడు.

శ్యామలమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఆత్మారాం గీర ముందు కూర్చున్నాడు. ఆశన్న ఎదురుగా కూర్చున్నాడు. వార్నిష్ వాసన ఎప్పుడో పోయింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటూ వేణు మెల్లగా అన్నాడు, "జవాబులు గూడ నువ్వే పాడు బాపు."

"నాకు రావు."

ఆశన్న గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

"కాటా కాడ బండ్లు కదలకుంటే ఎడ్లు ఏమనుకుంటయే ఆత్మన్నా?"

ఆగాడు. ఎదురుగా ఆత్మారాం పెదవులు కదిలాయి. లయ తప్పకుండా, తల ఊపుతూ, కళ్లెగరేస్తూ పాడాడు. చివర్లో భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు. చప్పుడు మాత్రం లేదు.

"ఏమన్నవ్?" అన్నాడు ఆశన్న.

ఆత్మారాం మళ్లీ పెదవులు కదిపాడు, ఈసారి నిదానంగా. ఆశన్న ముందుకు వంగి చూశాడు. ఎడ్లు అన్నట్టుంది, గడ్డి అన్నట్టుంది, తర్వాతది అందలేదు. రాసి చూపించేంత చదువు అతనికి లేదు, చదువుకునేంతది ఇతనికీ లేదు.

"వేణూ, నీకేమన్న తెల్సిందా?"

వేణు తల అడ్డంగా ఊపాడు. "మధ్యల ఖాళీనే వస్తుంది బాపు."

ఆత్మారాం ఇంకోసారి అన్నాడు. ఎవరికీ తెలియలేదు. అతని ముఖంలో నవ్వు పోయి చిరాకు వచ్చింది. మోకాలి మీద చరిచి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. పెంటవ్వ ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

వేణు హెడ్‌ఫోన్లు తీయబోయాడు.

"ఉండు," అన్నాడు ఆశన్న. కుర్చీ ముందుకు జరుపుకుని, ఆత్మారాం మోకాళ్లకు తన మోకాళ్లు తగిలేటంత దగ్గరగా కూర్చుని, అతను ఇటు తిరిగేదాకా చూసి, అదే సవాలు మొదటి నుంచి పాడాడు.